రోడ్డు చూడని టైర్లు

ఫిబ్రవరి 9

అక్కా,

నీ కవరు చింపగానే ఫోటో జారి కింద పడింది. తీసి చూసి, ఇంకెవరి ఉత్తరమో మా పెట్టెలో వేశారనుకుని కవరు మీది చిరునామా మళ్ళీ చదువుకున్నాను. అంత ఎత్తు బండి పక్కన తాళాలు పట్టుకుని నిలబడ్డది నిజంగా నువ్వేనా? నాన్న స్కూటరు వెనక కూర్చుంటే వీధి మలుపు తిరిగేలోపే కళ్ళు తిరుగుతున్నాయని దిగిపోయేదానివి. బస్సులో కిటికీ పక్క సీటు దొరక్కపోతే ప్రయాణమే మానుకునేదానివి. పశువుల డాక్టరువై ఆ కొండమీదికి ఉద్యోగానికి వెళ్ళినప్పుడే నాకు గుండె జారింది. ఇప్పుడు నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే పికప్ ట్రక్కు కొన్నానంటున్నావు. అదీ నువ్వే నడుపుతానంటున్నావు. నేనింకా తేరుకోలేదు.

మా అమ్మాయికి చూపిస్తే "పెద్దమ్మ అదిరింది" అని ఫోటోకి ఫోటో తీసుకుని కాలేజీలో అందరికీ చూపించిందట.

అసలు వింత అది కాదు. మీ మరిది సంగతి చెప్పాలి. మా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నీతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు కదా. నువ్వు చదువుకున్నదానివనీ, టైర్ల షాపు వాడంటే నీకు చిన్నచూపనీ ఆయన మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. నేనెంత చెప్పినా పోలేదు. అలాంటి మనిషి ఫోటో చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, బండిని కాదు, టైర్లని చూశారు. "ఈ అరిగిపోయిన రోడ్డు టైర్లతో వదిన కొండెక్కుతోందా?" అన్నారు. వదిన అని ఆయన నోట నేను విన్నది ఇప్పుడే.

అప్పటినుంచీ భోజనాల దగ్గర ఇదే చర్చ. ముందు పెద్ద గళ్ళున్న బురద టైర్లు వెయ్యాలట, ఉన్నవాటికంటే వెడల్పువి. తర్వాత బండి ఎత్తు పెంచాలట. ముందు బంపరుకి విన్చి, అంటే బురదలో దిగబడితే చెట్టుకి తాడు కట్టి తనని తానే లాక్కునే యంత్రం, అది పెట్టించాలట. పైన వరసగా లైట్లు కూడానట. నాకు సగం అర్థం కాలేదు గానీ ఆయన ముఖంలో వెలుగు చూసి వింటూ కూర్చున్నాను.

అక్కడ ఫోన్ సిగ్నల్ ఉంటే ఇదంతా ఇంకో విధంగా ఉండేది. పాల వ్యాను మీద వచ్చే ఉత్తరాల కోసం ఎదురు చూడటం నాకిప్పుడు అలవాటైపోయింది. జాగ్రత్తగా నడుపు. వీలైతే నడపకు.

నీ చెల్లి

*

ఫిబ్రవరి 20

చిన్నీ,

నడపకు అంటే ఎలాగే? మొత్తం నలభై ఊళ్ళకి నేనొక్కదాన్నే డాక్టర్ని.

నువ్వింత హడలిపోతావని తెలిసుంటే ఫోటో పంపకపోయేదాన్ని. ఎందుకు కొన్నానో చెప్తాను. ఆఫీసు వాళ్ళు మా జీపుని వెనక్కి తీసేసుకున్నారు. పోయిన నెల పై ఊళ్ళో ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోందని కబురొచ్చింది. నేనూ కంపౌండరూ సంచులు భుజాన వేసుకుని నడుచుకుంటూ వెళ్ళాం. వెళ్ళేసరికి ఆవు, దూడ రెండూ పోయాయి. ఇంటివాళ్ళు నన్నొక్క మాట కూడా అనలేదు. నడిచి వచ్చారు కదా అని నీళ్ళిచ్చారు. కిందికి దిగాక నేరుగా బండి బేరానికి వెళ్ళాను.

పాత బండే, కానీ ఇంజను నిక్షేపంగా ఉంది. డ్రైవింగు నేర్పింది మా కంపౌండరే. ఇతని గురించి నీకు చెప్పాను కదా, నడుం వంగిపోయిన తల్లితో ఉంటాడు, పెళ్ళి మాట ఎత్తితే పశువుల టీకాల మాట ఎత్తుతాడు. మొదటివారం నేను గేరు మార్చినప్పుడల్లా కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడు ఒక కన్ను తెరుస్తున్నాడు.

మరిది గారి మాట నిజమే, ముందు మార్చాల్సింది టైర్లే. విన్చీలూ లైట్లూ ఎన్ని పెట్టినా బండి నేలని పట్టుకునేది ఆ నాలుగు అరచేతులంత రబ్బరుతోనే కదా. కాకపోతే నాకు ఇక్కడ బురద తక్కువ. ఊరు దాటేవరకూ తారురోడ్డు, ఆ తర్వాత కంకర, ఆ పైన రాళ్ళు. అందుకని తారుకీ రాయికీ సరిపడే మధ్యరకం టైరు, అన్ని దారుల టైరు అంటారే, అది మంచిదని ఇక్కడ నడిపేవాళ్ళు చెప్తున్నారు. సైజు కూడా మార్చొద్దనుకుంటున్నాను. పెద్దవి వేస్తే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు రేకుకి రాసుకుంటాయట. బండి మీద మందుల ఐసు పెట్టె, ఒక్కోసారి దూడ కూడా ఉంటాయి కాబట్టి పక్కగోడలు గట్టిగా, బరువు మోసేవి కావాలి.

ఆయన్ని అడిగి ఏది మంచిదో రాయి. డబ్బు ఇస్తేనే తీసుకుంటాను, ఆ మాట ముందే చెప్పు. వదిన అన్నారన్నావు. ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను.

అక్క

*

మార్చి 6

అక్కా,

నువ్వు రాసింది చదివి వినిపించేలోపే ఆయన టైర్లు లారీకి ఎక్కించేశారు. నాలుగు కొత్త బురద టైర్లు, వెడల్పువి, గళ్ళు నా పిడికిలంత ఉన్నాయి. నేను షాపుకి వెళ్ళి చూశాను. నల్లగా నిగనిగలాడుతున్నాయి. మధ్యరకం టైర్లు అడిగిందండీ అంటే నవ్వారు. అవి పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళకి, వదినది యుద్ధం అన్నారు. డబ్బు మాట ఎత్తితే ముఖం ముడుచుకున్నారు. "నా చేత్తో ఆవిడకి ఒక్కటీ ఇవ్వలేదు ఇన్నేళ్ళలో. ఇప్పుడిస్తే లెక్క కడతారా?" అన్నారు.

ఇంక నేనేం మాట్లాడతాను చెప్పు. మీ ఇద్దరి మధ్య నిలబడి ఇన్నాళ్ళూ నా మెడ రెండు వైపులా తిప్పీ తిప్పీ అరిగిపోయింది. ఆయన గురించి నీకు మంచి చెప్పాలనీ, నీ గురించి ఆయనకి మంచి చెప్పాలనీ చూసేదాన్ని. ఇప్పుడు నేనేం చెప్పకుండానే ఆయనంతట ఆయన కదిలారు. లారీ కదిలినప్పుడు షాపు ముందు నిలబడి చెయ్యి ఊపారు, అక్కా, టైర్లకి. మా సేల్స్ అతను నోరు తెరుచుకుని చూశాడు.

వేసిన వెంటనే ఫోటో పంపు. ఆయన గల్లాపెట్టె వెనక గోడకి పెట్టుకుంటారట. కొనేవాళ్ళకి మా వదిన బండి అని చూపించుకోవాలని ఉంది. పైకి చెప్పరు, నాకు తెలుస్తుంది.

చిన్ని

*

మార్చి 21

చిన్నీ,

టైర్లు అందాయి. మరిది గారికి నా తరఫున చాలా చాలా థాంక్స్ చెప్పు. ఇంత దూరం పంపాలన్న ఆలోచన వచ్చిందే, అది చాలు నాకు.

ఇప్పుడప్పుడే వెయ్యటం లేదు. తప్పుగా అనుకోకు. ఆ లారీ వచ్చేలోపే ఇక్కడ వేరే టైర్లకి చెప్పేశాను, మాట ఇచ్చాక వద్దంటే బాగుండదు. ఇవి వానలు పడ్డాక పనికొస్తాయిలే. షెడ్డులో భద్రంగా పెట్టించాను.

బండికి వేరే పనులు చేయించాను, అవి చెప్తాను. ముందూ వెనకా గట్టి కొక్కేలు వేయించాను, దిగబడితే లాగడానికి. విన్చి కంటే ఇది ముందు కావాలి, ఎందుకంటే సరైన కొక్కెం లేకుండా బంపరుకి తాడు కట్టి లాగితే బంపరే ఊడి వస్తుంది. ఇంజను కింద ఒక ఇనుప పలక బిగించారు. మొన్న ఒక రాయి దానికి తగిలినప్పుడు వచ్చిన చప్పుడుకి నా ప్రాణం పైకి పోయింది. దిగి చూస్తే పలక మీద గీత పడింది, అంతే. పలక లేకపోతే ఆయిలంతా దారిలో కారేది. చిన్న గాలి పంపు కూడా కొన్నాను. రాళ్ళ మీదికి వెళ్ళేముందు టైర్లలో కొంచెం గాలి తీసేస్తే అవి నేలకి అతుక్కుని మెత్తగా పోతాయి. మళ్ళీ తారెక్కాక నింపుకోవాలి. కంపౌండరు ఈ గాలి పనికి తనని తాను అధికారిగా నియమించుకున్నాడు.

అమ్మాయి పరీక్షలు ఎప్పుడు? మీరు ముగ్గురూ సెలవుల్లో ఇటు రాకూడదూ? కార్లో వద్దు, దారి బాగుండదు. బస్సులో రండి.

అక్క

*

ఏప్రిల్ 4

అక్కా,

నువ్వు అబద్ధం చెప్తావని నేను ఎప్పుడూ అనుకోలేదు.

టైర్లు తెచ్చిన లారీ డ్రైవరు మళ్ళీ అటువైపు వెళ్ళి వచ్చాడు. నీ బండికి ఇంకా ఆ అరిగిన టైర్లే ఉన్నాయట. వేరేవాటికి చెప్పాననీ, మాట ఇచ్చాననీ రాశావు. మీ ఊళ్ళో టైర్లు అమ్మే షాపే లేదట. మేం పంపినవి షెడ్డు మూల టార్పాలిన్ కింద ఉన్నాయట, శవాన్ని కప్పినట్టు కప్పారన్నాడు. ఆయన ఎదురుగానే అన్నాడు.

ఆయన ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు మాత్రం "డాక్టరు గారికి మన సరుకు ఆనదు" అన్నారు. వదిన పోయి మళ్ళీ డాక్టరు గారు వచ్చింది. నాకు ఎలా ఉందో నీకు తెలుసా? గల్లాపెట్టె వెనక గోడకి ఆయన ముందే మేకు కొట్టి పెట్టుకున్నారు. అది అలాగే ఉంది. షాపుకి వెళ్ళినప్పుడల్లా ముందు అదే కనిపిస్తోంది.

ఆయనని నువ్వు మొదటినుంచీ ఒప్పుకోలేదేమో అని నాకు కూడా ఒక అనుమానం ఉండేది. ఎన్నడూ పైకి అనలేదు. ఇప్పుడు అంటున్నాను. వేసుకుంటే నీకు పోయేదేముంది?

కార్లో రావద్దన్నావు. ఎలాగూ రాం.

చిన్ని

*

ఏప్రిల్ 15

చిన్నీ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. అబద్ధం చెప్పాను, నిజమే. దానికి ఒక కారణం ఉంది. అది మరిది గారి మీద చిన్నచూపు మాత్రం కాదు. కాగితం మీద పెట్టలేను. ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్తాను. అప్పటిదాకా నన్ను నమ్మమని అడిగే హక్కు నాకుందో లేదో కూడా తెలియదు గానీ, అడుగుతున్నాను.

ఆఫీసులో కూర్చుని చదువుతూ ఏడ్చేశాను. కంపౌండరు చూశాడు. ఎవరికైనా బాగోలేదా అని అడిగితే, బండి టైర్ల మీద మా చెల్లికి కోపం వచ్చిందని మాత్రం చెప్పాను. ఇంత చిన్నదానికా అన్నాడు. అవును, ఇంత చిన్నదానికే అన్నాను.

రేపు కిందికి వెళ్తున్నాను, శిక్షణ తరగతులున్నాయి, పది రోజులు. బండిని అతనికి అప్పగించి బస్సులో పోతున్నాను. తిరిగి వస్తూ మీ దగ్గరికి వచ్చే వీలుందేమో చూస్తాను. తలుపు తీస్తావు కదూ?

అక్క

*

ఏప్రిల్ 29

చిన్నీ,

ఇది జిల్లా ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ ఫోనుంది. నీ నంబరు నొక్కి ఆపేశాను. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు, నువ్వు నిలబడి వినకూడదు. కూర్చుని చదువు.

మా కంపౌండరు నడుపుతుంటే నా బండి బోల్తా పడింది. ప్రాణంతో ఉన్నాడు. తొడ ఎముక రెండుచోట్ల విరిగింది, నడుం దగ్గర కూడా దెబ్బ తగిలింది. నడుస్తాడంటున్నారు, ఎప్పుడో చెప్పడం లేదు.

అతను చేసింది ఇది. నేను వెళ్ళిన మర్నాడే షెడ్డులోంచి మీరు పంపిన టైర్లు తీసి వేసుకున్నాడు. నేను తిరిగి వచ్చేసరికి వాటితో ఒక ఫోటో తీయించి నీకు పంపాలనుకున్నాడట. అక్కాచెల్లెళ్ళ గొడవ తీరిపోతుందని. ఇది తెలివి వచ్చాక అతనే నాకు చెప్పాడు, నాకు ఒక మేలు చేయబోయి చెడగొట్టానన్నట్టు, క్షమించమన్నట్టు. "డాక్టరమ్మా, టైర్లు బాగానే పట్టాయి, రేకుకి కూడా రాసుకోలేదు" అన్నాడు.

వాటి మీదే పై ఊళ్ళన్నీ తిరిగి టీకాలు వేశాడు. రాళ్ళ మీద ఏమీ కాలేదు. కిందికి దిగి, నున్నటి తారురోడ్డు మీద, మంచి ఎండలో, కొంచెం వేగంగా వస్తుంటే వెనక ఎడమ టైరు పైపొర అరటిపండు తొక్కలా మొత్తం లేచి వచ్చేసింది. బండి అడ్డం తిరిగి కాలవలోకి పడింది. ఆ పొర రోడ్డు మీద పొడుగ్గా పడి ఉండటం నేను చూశాను. పామేమో అని బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. నేనున్నది ఆ బస్సులోనే చిన్నీ. శిక్షణ ముగించుకుని వస్తున్నాను. మీ దగ్గరికి రాకుండా నేరుగా వచ్చేశాను, నీకు నా ముఖం చూపించలేక. కాలవలో ఉన్నది మా బండేనని దాని కొక్కెం చూసి గుర్తుపట్టాను.

ఇప్పుడు ఆ కారణం చెప్తాను.

ప్రతి టైరు పక్కగోడ మీద నాలుగంకెలు అచ్చు పోసి ఉంటాయి. మొదటి రెండూ అది తయారైన వారం, తర్వాతి రెండూ ఏడాది. లారీ దించిన రోజే చూశాను, మందు సీసా మీద తేదీ చూసే అలవాటు నాది. ఆ నాలుగు టైర్లూ తయారై తొమ్మిదేళ్ళయింది. గళ్ళు కొత్తవే, ఒక్క మైలు తిరగలేదు. కానీ లోపల రబ్బరు ఎండిపోయి ఉంటుంది. పైన పూసిన నల్లరంగు నా చేతికి అంటుకుంది. రుద్దితే సన్నటి పగుళ్ళు కనిపించాయి.

నీకెలా రాయను? మీ ఆయన నాకు మొదటిసారి ఇచ్చిన వస్తువు అమ్ముడుపోని సరుకని రాయనా? తెలిసి పంపారో తెలియక పంపారో నాకు తెలియదు. రాస్తే నువ్వు ఆయన్ని అడుగుతావు, అడిగాక నీ ఇంట్లో ఏమవుతుందో అని భయపడ్డాను. నా బండికి వెయ్యకపోతే సరిపోతుందిలే అనుకున్నాను. ఆ రోజే కత్తితో కోసి పారెయ్యాల్సింది. నువ్వు పంపినవి కదా అని టార్పాలిన్ కప్పాను. నా బండి నడిపే ఇంకో మనిషి ఉన్నాడని నాకు తట్టలేదు. అతనికి ఒక్క మాట చెప్పి ఉంటే చాలు.

నన్ను తిట్టు. కానీ ముందు షాపుకి వెళ్ళి మిగతా టైర్ల మీద ఆ అంకెలు చూడు. అవి ఇంకెవరి బండికైనా వేస్తున్నారేమో.

అక్క

*

మే 7

అక్కా,

కూర్చునే చదివాను.

షాపుకి వెళ్ళాను. ఆయన బ్యాంకుకి వెళ్ళి ఉన్నారు. ఇన్నేళ్ళలో నేను గల్లాపెట్టె దాటి లోపలికి వెళ్ళలేదు. గోడౌన్ తాళం తీయమంటే సేల్స్ అతను నావైపు వింతగా చూశాడు. లోపల వరసలు వరసలుగా టైర్లు, పైన రేకుల వేడి. టార్చి పట్టుకుని ఒక్కొక్కదాని మీదా వెతికాను. ముందు వరసలు కొత్తవే. వెనక గోడకి ఆనించి పేర్చినవి పాతవి, ఎనిమిదేళ్ళు, తొమ్మిదేళ్ళు, ఒక వరస పదకొండేళ్ళు. వాటి పక్కనే నల్లరంగు డబ్బా, అందులో బ్రష్షు. బ్రష్షు ఇంకా తడిగా ఉంది అక్కా.

ఆయన వచ్చేసరికి నేను అక్కడే ఒక టైరు మీద కూర్చుని ఉన్నాను. నీ ఉత్తరం చేతికిచ్చాను. చదివారు. కంపౌండరు సంగతి దగ్గర ఆగి మళ్ళీ మొదటినుంచీ చదివారు. నాకు తెలుసు, ఇప్పుడు తెలియదంటారు, లేకపోతే అరుస్తారు అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. నిజంగా అర్థం కానట్టు నావైపు చూసి, రోడ్డే చూడని టైరుకి వయసేమిటి అన్నారు. పని నేర్పిన పెద్దాయన ఆయనకి అలాగే చెప్పాడట. నీడలో ఉన్న రబ్బరు చెడదని ఇరవై ఏళ్ళుగా అందరికీ అదే చెప్పి అమ్ముతున్నారట. రంగు మెరుపు కోసమేనట. అంతా అమ్మకానికి చెప్పే మాటలని నేనన్నాను. అప్పుడు అన్నారు:

"మన కారుకీ ఆ వరసలోవే వేశాను. చెడ్డవనుకుంటే నా పిల్లని ఎక్కిస్తానా?"

ఆయన దాన్ని తన నిజాయితీకి సాక్ష్యంగా చెప్పారు. రోజూ అమ్మాయి ఆ కార్లోనే కాలేజీకి వెళ్తోంది. పోయిన నెల ముగ్గురం కూర్చుని ఊరికి వెళ్ళి వచ్చాం, పెద్ద రోడ్డు మీద, ఇదే ఎండలో. కోపం రావాలా, భయపడాలా, ఆయన దొంగ కాడని ఊపిరి పీల్చుకోవాలా, నాకేమీ తెలియలేదు. ఒక్కసారిగా మూడూ వచ్చాయి. బయటికి పరుగెత్తి కారు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. పదకొండేళ్ళవి.

ఆయన నా వెనకే వచ్చి వంగి చూశారు. గళ్ళ మధ్య బొటనవేలితో నొక్కారు. పగులు నోరు తెరిచింది. వేలు తీస్తే మూసుకుంది. మళ్ళీ నొక్కారు. అలా నాలుగు టైర్లూ చుట్టి వచ్చారు. లేచి నిలబడ్డప్పుడు ఆయన ముఖం నేను ఎరిగిన ముఖం కాదు. జాకీ తెచ్చి, పనివాళ్ళని దగ్గరికి రానివ్వకుండా, ఆయనే నాలుగు చక్రాలూ విప్పారు. కారు ఇటుకల మీద ఉంది. అమ్మాయి బస్సులో వెళ్తోంది.

ఆ సాయంత్రం షట్టరు సగం దించి వెనక గోడవి అన్నీ బయటికి లాగించారు. రంపంతో పక్కగోడలు కోయించారు. నేనూ ఒకవైపు పట్టుకున్నాను. ఇంతవరకు అమ్మినవి ఎవరెవరికో అని అడిగాను. ఆయన ఫోను తీసుకుని గుర్తున్నవాళ్ళకి ఒక్కొక్కరికీ చెయ్యడం మొదలుపెట్టారు. కొందరు తిట్టారు. కొందరు నవ్వారు, నా బండి బాగానే ఉందిలే అన్నారు. ఆ నవ్వినవాళ్ళకి ఆయన మళ్ళీ చేశారు.

రెండు రోజులు ఆయన ఆ ఫోన్లలోనే ఉన్నారు. నిన్న ఉదయం లేచి చూస్తే మనిషి లేరు, చిన్న సంచి లేదు. ఫోను ఇంట్లోనే పెట్టి వెళ్ళారు. ఏదైనా చేసుకుంటారా అని రాయడానికే భయంగా ఉంది. నీకు ఏమైనా తెలిస్తే కొండ దిగి ఫోన్ చెయ్యి. ఈసారి నంబరు నొక్కి ఆపెయ్యకు.

నిన్ను తిట్టమన్నావు. తిట్టడానికి కూడా బలం ఉండాలి. నువ్వు చెప్పి ఉండాల్సింది. నేను అడగడం మానకుండా ఉండాల్సింది. ఆ అబ్బాయి తల్లికి ఏం చెప్పాలి మనం?

చిన్ని

*

మే 20

చిన్నీ,

ఫోన్లో చెప్పాల్సింది చెప్పాను, ఆయన ఇక్కడ క్షేమమని. నువ్వు ఏడుస్తుంటే మిగతాది చెప్పలేకపోయాను, లైను కూడా తెగిపోయింది. ఇదిగో రాస్తున్నాను.

ఆయన వచ్చిన రోజు కంపౌండర్ని ఆస్పత్రి నుంచి ఇంటికి చేర్చి, నేనక్కడే ఉన్నాను. రెండు గదుల ఇల్లు. ముందుగదిలో మంచం వేశారు. తల్లి నడుం వంగి నేల చూస్తూ నడుస్తుంది కదా, కొడుకుని ఎలా కదపాలో తెలియక మంచం చుట్టూ తిరుగుతోంది. గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. చొక్కా చెమటకి అతుక్కుపోయి ఉంది. ముందు నేను గుర్తుపట్టలేదు. మరిది గారు. కింద బస్సు దిగి, పైకి వచ్చే బండి ఎక్కకుండా ఘాటురోడ్డంతా నడిచి వచ్చారట. ఎందుకు నడిచారని నేనడగలేదు.

నా వైపు చూడలేదు. ముసలమ్మ తల ఎత్తలేదు, ఆయన చెప్పులు చూసి ఎవరు బాబూ అని అడిగింది. మా చెల్లెలి భర్త అని నేను చెప్పబోయాను. ఆయన నన్ను ఆపారు.

"ఆ టైర్లు అమ్మేవాణ్ణమ్మా" అన్నారు.

కంపౌండరు కళ్ళు మూసుకున్నాడు, నేను గేరు మార్చినప్పుడు మూసుకునేవాడే అలాగ. నేను ఆవిడ చేతులకేసి చూస్తున్నాను, ఏదైనా విసురుతుందేమోనని. విసిరినా నేను ఆపేదాన్ని కాదు. ఆవిడ ఆ చెప్పులనే చూసింది.

"అయితే నువ్వే ఎత్తు వాణ్ణి. పొద్దుట్నుంచీ ఒకే పక్కన పడి ఉన్నాడు. నా నడుం లేవదు" అంది.

ఆయన సంచి అక్కడే వదిలేసి వెళ్ళి, ఎలా పట్టుకోవాలో అతన్నే అడిగి తెలుసుకుని, ఎత్తారు. మొదటిసారి సరిగ్గా రాలేదు, అతను కేక పెట్టాడు. ఆయన వదల్లేదు. రెండోసారి బాగా వచ్చింది. వీపు తుడిచారు, పక్క మార్చారు. ముసలమ్మ దిండు ఎక్కడ పెట్టాలో చెప్పింది, అక్కడ పెట్టారు. ఆ తర్వాత ఆవిడ ఆయన్ని వెళ్ళమనలేదు, ఉండమనలేదు. ఆయన వెళ్ళలేదు.

అప్పటినుంచీ వాళ్ళింట్లోనే ఉన్నారు. వరండాలో చాప మీద పడుకుంటున్నారు. మా ఇంటికి రమ్మంటే తల అడ్డంగా ఊపారు. స్నానం, మందులు, ఎత్తడం, దించడం అన్నీ ఆయనే. నిన్న ఫిజియోథెరపీ అతను వచ్చి కాలు కదపడం నేర్పితే, శ్రద్ధగా విని రెండుసార్లు తనే చేసి చూపించారు. ముసలమ్మ ఇంతవరకు ఆయన్ని పేరు పెట్టిగానీ వరస పెట్టిగానీ పిలవలేదు. పని ఉంటే "ఇదిగో" అంటుంది. ఆయన లేచి వెళ్తారు. కంపౌండరు మాత్రం మాట్లాడతాడు, పశువుల గురించి. ఆయనకి అర్థం కాకపోయినా వింటారు.

నాతో ఇవాళే మొదటిసారి మాట్లాడారు. నేను మందులు ఇవ్వడానికి వెళ్తే గుమ్మం దాకా వచ్చి, నాకు ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ అన్నారు. మీ సంసారం పాడవుతుందని భయపడ్డానన్నాను. ఆయన ఏదో అనబోయారు. లోపల్నుంచి ముసలమ్మ ఇదిగో అంది. వెళ్ళిపోయారు.

షాపు తెరవాలా మూసెయ్యాలా అని ఫోన్లో అడిగావు. ఆయన్నే అడిగితే, దాన్ని తెరిచి నడపగలిగితే నిన్నే నడపమన్నారు. తిరిగి ఎప్పుడొస్తారని కూడా అడిగావు. ఆ మాట నేను ఆయన్ని అడగలేదు, ముసలమ్మని అడిగాను. ఆవిడ కొడుకు మంచం వైపు చూసి, "వాడు లేచి నిలబడనీ" అంది.

అక్క